గోడ ముందా, గుమ్మం ముందా?

గుంటూరు జిల్లా నల్లరేగడి పల్లెలలో పుట్టి పెరిగినవారు ఎవ్వరైనను ఒక్కసారియైన చూచియుండెడి దృశ్యమొకటి కలదు: చుట్టును గోడ లేదు, పైని కప్పు లేదు, పునాదిమీద రెండు వరుసల ఇటుక మాత్రము పేర్చియున్నది, ఆ బయలు నడుమ, ఎటు చూచినను ఆకాశమే కనబడుచుండగా, పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టిన ద్వారబంధ మొకటి మామిడాకుల తోరణముతో రెండు వెదురుకర్రల ఊతమున నిటారుగా నిలిచియుండును. ఇల్లు ఇంకను పుట్టలేదు. ఇంటికి వాకిలి పుట్టినది. దానికి ఇవతల నున్నదియు బయలే, అవతల నున్నదియు బయలే. అయినను పిల్లలు ఆనాటినుండి దాని ప్రక్కగా పోవుట మాని దానిలోనుండియే దూరిపోవుదురు, పెద్దవారు "గడప తొక్కకురా" అని, లేని ఇంటి గడపను గూర్చి కేకలు వేయుదురు.

మా నాన్నగారు ఇల్లు కట్టించిన 1961వ సంవత్సరమున నాకు తొమ్మిదేండ్లు. సింహద్వారము ఎత్తు ముహూర్తము తెల్లవారుజామున కుదిరినది. గడప క్రింద నవధాన్యములును పసుపుకొమ్మును రాగినాణెమును ఉంచి మా అమ్మ హారతి పట్టుచుండగా, వడ్రంగియగు పెద్దాచారిగారు మేము పెట్టిన కొత్తపంచె కట్టుకొని నలుగురి చేత టేకు ద్వారబంధమును లేవనెత్తించిరి. ఆ తంతు ముగిసి, పురోహితులు సంభావన పుచ్చుకొని వెడలిన పిమ్మట ఆయన చేసిన పని ఇప్పటికిని నా కన్నులకు కట్టినట్లున్నది: తూకపుగుండు తాడును నిలువుకొయ్య తలమీద అదిమిపట్టి, గుండు ఊగుట మాని నిలుచువరకు తానును ఊపిరి బిగబట్టి, తాడునకును కొయ్యకును నడుమనున్న సందు పైన ఎంతయో క్రిందను అంతయేనా యని ఒంటికంటితో పరికించుచు, ఊతకర్రను బొటనవ్రేలితో మాత్రమే త్రోయుచు, రమారమి గంటసేపు గడపిరి. మా నాన్నగారు విసిగి, "ఇంకా ఎంతసేపయ్యా ఆచారీ!" అనగా, ఆయన తల త్రిప్పకయే, "గోడ దీన్ని చూసి లేస్తుందండీ. దీనికి చూసుకోడానికి ఎవరూ లేరు" అనిరి.

ఆయన యన్నట్లే గోడ గుమ్మమును చూచుచు లేచినది. నిలువుకొయ్యలకు ఒక్కొక్క వైపున మూడేసి చొప్పున బిగించిన ఇనుపపట్టీలను, మేస్త్రీలు హోల్డుఫాస్టులని పిలిచెడి వానిని, ఇటుకల నడుమ కాంక్రీటులో కప్పివేసిరి. ఇక ఆ బంధము ఇంటితోడనే గాని ఊడిరాదు. తలుపురెక్కలు మాత్రము కప్పు పడి, గచ్చు ఆరి, సున్నము కొట్టిన తరువాత గాని రాలేదు. అనగా గుమ్మమునకును తలుపునకును నడుమ ఏడెనిమిది మాసముల యంతరము. ఆ యంతరమున గుమ్మము ఎంత వంగినదో, గోడ ఎంత కుంగినదో తెలిసికొని, ఆ వంకరకు దీటుగా చిత్రికపట్టి రెక్కను దిద్దుకొనుటయే మన వడ్రంగి విద్యలో సగము.

ఈ క్రమము తప్ప మరియొక క్రమము లోకమున నుండునని నాకు తోచలేదు, టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరమునకు ఉత్తరముగా తెలుగువారు తామరతంపరగా స్థిరపడిన ఊళ్లలో ఒకదానియందు, మా అబ్బాయి ఇంట, గడచిన శీతకాలమున ఒక తలుపు పగులువరకు.

పగులగొట్టినవాడు మా మనుమడు. బయట చలి గనుక నడవలోనే క్రికెట్టు ఆడుచు, పడకగది తలుపును వికెట్లుగా నియమించుకొని, టెన్నిసుబంతి ఉండవలసినచోట అసలు బంతిని విసరెను. శబ్దము విని పరుగెత్తుకొని పోయి చూతుము గదా, తలుపు నడుమ నిమ్మపండంత రంధ్రము! "తాతయ్యా, నేను పగలగొట్టలేదు, అదే పగిలింది" అని వాడు ముందుగనే వాదము సిద్ధపరచుకొని యుండెను. కన్ను దగ్గరగా పెట్టి ఆ రంధ్రములోనికి చూచినవాడనై, వాని వాదమున కొంత సత్యము లేకపోలేదని గ్రహించితిని. లోపల కొయ్య లేదు. గోధుమరంగు అట్టను తేనెపట్టు గదులవలె మడిచి అతికిన జాలె మాత్రమే యున్నది. దానికి ఇరువైపుల బియ్యపుగింజంత మందమున ఒక బిరుసురేకు, అంచులవెంట సన్నని కొయ్యపట్టీలు, అంతే. వెలుపల మాత్రము ఆరు దిమ్మెలు చెక్కిన రాచతలుపువలె ఠీవి! కొయ్యనారను ఆవిరితో ఉబ్బించి, వేడిగా అదిమి పలకలు చేయు విధానమును 1924లో విలియం మేసన్ అను నతడు మిసిసిపి రాష్ట్రమునందలి లారెల్ పట్టణమున కనిపెట్టెను. ఆయన పేరిట మేసొనైటు అనబడిన ఆ పలక సంతతివే ఈ తలుపుల ముఖములు. ఎత్తి చూచినచో నాబోటి డెబ్బదేండ్లవాడు ఒక్కడే మోయవచ్చును. ఆ తేలికతనమును నేను మొదట మోసమనుకొంటిని. మూడుదినములైన పిదప అభిప్రాయము మార్చుకొనవలసి వచ్చినది.

రంధ్రము పడినది రెక్కకు మాత్రమే కదా, రెక్కను మార్చిన చాలునని తోచును. కాని ఆ గుమ్మమునకు పూర్వరోగ మొకటి యుండెను: తెరచి విడిచిన తలుపు ఎవరును తాకకయే మెల్లగా గోడవైపు తిరిగి పోవుచుండెను, మూసినచో నాలుక గంటులో పడక, చేతితో ఎత్తి నొక్కవలసి వచ్చుచుండెను, అట్లు నొక్కగా నొక్కగా గంటువద్ద చెక్క చీలియున్నది. కోడలు దానికి దయ్యపు తలుపని పేరు పెట్టినది. కావున బంధముతో సహా మార్చుటకే నిశ్చయమైనది. పనివానిని పిలుచుట మాటయే లేదు. ఆ దేశమున తలుపు వెలకంటె తలుపు పెట్టువాని కూలి హెచ్చు. దుకాణమున నిలువుగా పేర్చియుంచిన తలుపులన్నియు ముందుగనే తమ తమ చట్రములలో బందులకు వ్రేలాడుచునే యుండును. నిలువుచెక్కలు రెండు, పైచెక్క ఒకటి, మడతబందులు మూడు, రెక్క, అన్నియు ఒక్క మూటగా. దీనిని మనము బంధసహితమైన తలుపు అనవచ్చును. మనకు ఏడెనిమిది మాసముల యెడముతో పుట్టెడి గుమ్మమును తలుపును అక్కడ కవలపిల్లలు.

మరి గోడ? గోడ ఎన్నడో లేచియున్నది. అక్కడి యింటి గోడ ఇటుక కాదు, మట్టి కాదు. పదహారు అంగుళముల కొకటి చొప్పున నిలిపిన కొయ్యలకు ఇరువైపుల జిప్సము అట్టలు కొట్టిన పెట్టె. ఇట్టి కొయ్యపంజరపు ఇండ్లు 1830 తరువాతి దశాబ్దమున షికాగోలో ప్రబలి, రైలుబండ్లవెంట పడమటి మైదానములన్నిట నెలకొనినవి. సియర్సు కంపెనీవారు 1908 నుండి 1940 వరకు ఇల్లు ఇల్లంతయు, దూలములు మొదలు మేకులవరకు, జాబితాపుస్తకములో బొమ్మ చూపి రైలుపెట్టెలలో పంపుచుండిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసి, ఇండ్లు వీధులకు వీధులుగా లేచుచు వడ్రంగి చేతికి తీరిక లేని కాలము వచ్చిన తరువాత, బందులకై గంట్లు తొలుచు పని కర్మాగారమునకు తరలి, తలుపు చట్రముతో కూడ వచ్చుట వాడుకయైనది.

ఆ పంజరపు కొయ్యలకు అక్కడివారు పెట్టిన పేరు "రెండు-నాలుగు". కొలిచి చూచినచో రెండును లేదు, నాలుగును లేదు. మందము ఒకటిన్నర అంగుళము, వెడల్పు మూడున్నర. పచ్చికొయ్య కోసిననాటి కొలత ఆరి చిత్రికపడిన పిమ్మట నిలువదు గదా. పేరు మాత్రము నిలిచినది. బిరుదునకును వాస్తవమునకును గల ఇట్టి వ్యత్యాసము మన దేశమున మనుష్యులకే యున్నది గనుక నాకు వింత తోపలేదు. ఇక ఆ మూడున్నరకు ఇరువైపుల అట్టలు అర అంగుళము చొప్పున కలిపిన గోడ మందము నాలుగున్నర. తలుపుచట్రపు వెడల్పు దానికంటె ఒక్క వీసము హెచ్చుగా, 4 అంగుళముల 9 వీసములు. ఆ వీసము ఎందుకనగా, గోడ ఎచ్చటనైన కొంచెము ఉబ్బియున్నను చట్రపు అంచు లోపలికి మునిగిపోకుండుటకు. చిన్ననాడు బడిలో వీసము, అరవీసము అని వల్లించిన లెక్కలు 1957లో నయాపైసలు వచ్చిన తరువాత మన నాలుకలనుండి జారిపోయినవి. ఆ వీసము, అంగుళమును పదహారుగా విభజించిన అమెరికా కొలతపట్టీమీద, ఆయురారోగ్యములతో కనబడినపుడు నాకు స్వగ్రామస్థుడు ఎదురైనట్లైనది.

తలుపు వెడల్పు 30 అంగుళములు, ఎత్తు 80. గోడలో దానికై విడిచిన కంత వెడల్పు 32, ఎత్తు 82. చట్రపు చెక్కల మందము పోగా ఇరువైపులను సుమారు పావు అంగుళము చొప్పున ఖాళీ మిగులును. మన మేస్త్రి యెవడైన గుమ్మమునకును గోడకును నడుమ పావు అంగుళపు సందు విడిచినచో వానిచేత మరల కట్టించుకొందుము. అక్కడ ఆ సందే సర్వస్వము. గోడ ముందు, గుమ్మము వెనుక గనుక, గోడలోని తప్పు గుమ్మమునకు అంటకుండ అడ్డుపడునది ఆ పావు అంగుళపు శూన్యమే; అందులో ఏమి ఎట్లు నింపుదుమన్నదే ఈ పని యంతయు.

మేము చేసిన మొదటి తప్పు మాత్రము ఆ సందువరకు పోకమునుపే జరిగినది. తలుపులకు కుడిచేతిది, ఎడమచేతిది అను భేదము కలదు. గుమ్మములో బందులున్న నిలువునకు వీపు ఆనించి నిలుచుండి చూడవలెను: రెక్క కుడిచేతివైపునకు తెరచుకొన్నచో అది కుడిచేతి తలుపు, ఎడమవైపునకైనచో ఎడమచేతిది. మేము వీపు ఆనించుటకు మారు, మర్యాదస్థులవలె తలుపునకు ఎదురుగా నిలుచుండి నిర్ణయించితిమి. తెచ్చి, విప్పి, నిలబెట్టి చూడగా పడకగదిలోనికి తెరచుకొనవలసిన తలుపు నడవలోనికి వచ్చి మా కోడలి దేవుడి అలమరను ఢీకొనెను. మరల కట్టి, మరల బండికెత్తించి, దుకాణమునకు పోయి మార్చుకొని వచ్చునప్పటికి ఆ శనివారము గడచినది.

ఆదివారము ఉదయము పాత చట్రము విప్పితిమి. చుట్టునున్న అలంకారపు పట్టీలను ఉలితో మెల్లగా వదులుచేసి తీయగా, ఇన్నాళ్లును కనబడని సందు బయటపడినది. దయ్యపు మర్మ మంతయు అక్కడ నున్నది. పై బందువెనుక ఖాళీయే, ఊతము లేదు. నడిమి బందువెనుక ఒకే ఒక చెక్కచీలిక, అదియు ఒక ప్రక్కనుండి మాత్రమే దూర్చినది గనుక ఏటవాలుగా నిలిచి నిలువుచెక్కను మెలిపెట్టియున్నది. పై బందు మరమేకులన్నియు ముప్పాతిక అంగుళమువి. పలుచని చెక్కను పట్టుకొని వ్రేలాడుటయే గాని వెనుకనున్న పంజరపుకొయ్యను అవి యెన్నడును ముట్టలేదు. ఎవడో ఆనాడు మధ్యాహ్నభోజనవేళ తొందరలో నుండెను.

ఆ చీలికను గూర్చి కొంత చెప్పవలెను, ఏలయన ఆ దేశపు తలుపువిద్యలో బీజాక్షరము అదియే. షిమ్ము అందురు. దేవదారు జాతి కొయ్యను చీల్చి చేసినది. పొడవు జానెడు, ఒక కొన పావు అంగుళపు మందము, రెండవ కొన కత్తి అంచు. ఒకటి దూర్చినచో ఏటవాలు. గోడకు ఇవతలి వైపునుండి ఒకటి, అవతలి వైపునుండి ఒకటి, ఎదురెదురుగా దూర్చినచో ఒకదాని వాలును మరియొకటి చంపి, రెండు ముఖములును సమానముగా నిలుచును. ఇక వానిని ఒకదానిమీద నొకటి జరుపుకొలది మందము వెండ్రుకవాసి చొప్పున హెచ్చును. వేయి చీలికల కట్ట రెండు కాఫీల వెలకు దొరకదు గాని, ఒక తలుపునకు కావలసిన పిడికెడు చీలికల వెల అంతకంటె తక్కువయే. మన పల్లెలలో గొడ్డలిపిడి వదులైనపుడు దూర్చెడి పేడును మనము ఎన్నడైన విద్యగా ఎంచితిమా?

కంతను పరీక్షించుట తరువాతి పని. నేలమీద రసమట్టము పెట్టగా బందులవైపున మూడు వీసముల పల్లము తేలినది. కావున ఎత్తుగానున్న రెండవవైపు నిలువుచెక్క పాదమును మూడు వీసములు కోసివేసితిమి, లేనిచో పైచెక్క ఒరిగి నిలుచును. పిమ్మట మా అబ్బాయి కంత నాలుగు మూలలకును రెండు దారములను ఇంటుగుర్తువలె అడ్డముగా కట్టెను. నడుమ దారములు ఒకదాని నొకటి తాకీతాకనట్లుండినచో ఇరుప్రక్కల గోడలు ఒకే తలముననున్నవని అర్థము. ఎడము ఉన్నచో ఒక గోడ ముందునకును మరియొకటి వెనుకకును వాలినవి. మాకు రెండు వీసముల యెడము కనబడినది. అనుభవజ్ఞులు ఇట్టియెడ సుత్తి తీసికొని గోడ పాదమునే ప్రక్కకు జరుపుదురని విని నేను మొదట నమ్మలేదు. గోడను సుత్తితో జరుపుట! అట్టల గోడకు అదియును సాధ్యమే. మేము అంత సాహసింపక, చట్రపు పాదములను ఇటొక వీసము, అటొక వీసము జరిపి సరిపెట్టుకొంటిమి.

చట్రమును కంతలో నిలిపిన తరువాత అసలు ఘట్టము. ముందు బందులవైపే, ఆ నిలువు లంబముగా నిలిచినచో తక్కిన మూడు వైపులును దాని మాట వినును, అది వాలినచో ఎవరు చెప్పినను వినవు. మా అబ్బాయి పొరుగింటినుండి ఆరడుగుల రసమట్టము ఎరువు తెచ్చి నిలువుచెక్కకు ఆనించి పట్టెను. మనుమడు జేబునిండ చీలికలు వేసికొని నడవలో ఆవలివైపున కూర్చుండెను. నేను గదిలో ఇవతలివైపున.

"నాన్నా, పైది కొంచెం లోపలికి కొట్టండి. కొంచెమే. అయ్యో, ఎక్కువైంది. ఒరేయ్, నీ వైపుది లాగు."

"ఎంత లాగాలి నాన్నా?"

"గోరంత."

బుడగ గీతల నడుమకు వచ్చును, ఊపిరి పీల్చునంతలో దాటిపోవును. పై బందువెనుక సరిపడినది నడిమి బందువద్ద చెడును, నడిమిది దిద్దగా పైది వదులగును. చీలికలను కచ్చితముగా బందుల వెనుకనే పెట్టవలెను, ఏలయన బరువు పడునది అక్కడ. మరియొకచోట పెట్టిన చీలిక అలంకారమే గాని ఆధారము కాదు. రెండున్నర అంగుళముల సన్నమేకును చీలికలగుండ పోవునట్లు కొట్టిననే అవి జారిపోక నిలుచును. ఇట్లు ఒక్క నిలువును నిలబెట్టుటకు మాకు పట్టినది గంటంబావు. ఆ గంటంబావులో నాకు వెదురుకర్రమీది బొటనవ్రేలు ఎన్నిమారులు జ్ఞప్తికి వచ్చినదో చెప్పలేను. ఆచారిగారు ఊతకర్రను త్రోసినదియు, మేము చీలికను జరిపినదియు ఒకే వెండ్రుకవాసికై; కాని ఆయన దిద్దిన వెండ్రుకవాసి మరునాటినుండి ఇటుకలలో కప్పబడి శాశ్వతమైనది.

రసమట్టము తిరిగి తీసికొనిపోవుటకై వచ్చిన పొరుగింటి పెద్దమనిషి, మెక్సికోనుండి వచ్చి నలువదేండ్లు ఆ దేశమున వడ్రంగము చేసి విశ్రమించినవాడు, మా పనిని ఏమియు మాట్లాడక కొంతసేపు చూచెను. పిమ్మట పై బందునుండి పొట్టి మరమేకునొకదానిని ఊడదీసి నా చేతిలో పెట్టి, తన చొక్కాజేబులోనుండి మూడంగుళముల మరమేకు తీసి ఆ రంధ్రములోనే బిగించెను. అది చట్రపుచెక్కను దాటి, చీలికలను దాటి, పంజరపుకొయ్యలో రెండంగుళములు దిగినది. రెక్క బరువు ఇక పలుచని చెక్కమీద గాక ఇంటి యెముకమీద పడును. దానిని కొసకు బిగించునపుడు ఆయన చేతిని చూపి, తలుపు పైమూలను చూడుమని సైగచేసెను: మరమేకు అరచుట్టు తిరుగగానే, చేతికి అందనంత దూరముననున్న ఆ మూల పైకి లేచి పైచెక్కకును రెక్కకును నడుమ సందు వెడల్పు మారినది! వెనుకకు అరచుట్టు త్రిప్పగా మరల దిగినది. ఆయనకు మా భాష రాదు, నాకు ఆయనది రాదు. మా అబ్బాయి ఆంగ్లమున కృతజ్ఞత చెప్పుచుండగనే ఆయన రసమట్టము భుజమున పెట్టుకొని వెడలిపోయెను.

తక్కినది త్వరగా సాగినది. తలుపు మూసియుంచి, రెక్కకును చట్రమునకును నడుమ సందు పైనను ప్రక్కలను రెండు వీసములు సమానముగా వచ్చునట్లు పైచెక్కను, గంటువైపు నిలువును చీలికలతో దిద్ది మేకులు కొట్టితిమి. గంటువెనుక మరియొక జత చీలికలు, ఏలయన రోజుకు ఇరువదిమారులు నాలుక కొట్టుకొనునది అక్కడనే. గోడను దాటి బయటికి వచ్చిన చీలికల కొనలను కత్తితో గీటుపెట్టి పుటుక్కున విరిచినపుడు మనుమనికి కలిగిన యానందము క్రికెట్టులో కూడ కలుగలేదు. రెక్క క్రింద అర అంగుళమునకు పైగా ఖాళీ విడువబడియుండుట చూచి దానిని గూడ లోపముగా ఎంచి ప్రశ్నించితిని; ఇంటినంతటిని ఒకే యంత్రము చల్లబరచుచును వేడిచేయుచును ఉండుటచేత, గదిలోనికి వచ్చిన గాలి తలుపు మూసియున్నపుడు తిరిగిపోవు మార్గము అదియేనట. మనకు గడప ఉండవలసినచోట వారికి గాలికి దారి. లోపలి గదులకు వారికి గడపయే లేదు. పండుగనాడు కోడలు పసుపు పూయుటకు వీధితలుపు క్రిందనున్న లోహపుపట్టీ ఒక్కటియే దిక్కు.

ఇన్ని తంటాలకు మూలమైన వంకర గోడకు ఎట్లు వచ్చినదని ఆ సాయంకాలము అడిగితిని. అబ్బాయి నన్ను పెరటిలోనికి తీసికొనిపోయి, పునాదిప్రక్క గడ్డి తొలగించి ఒక మట్టిగడ్డ చేతికిచ్చెను. నల్లనిది, తడిపి నలిపినచో వ్రేళ్లకు జిగురువలె అంటుకొనునది, ఎండినచో రాయి. నాకు మరియొకరు చెప్పవలసిన పనిలేదు. అది రేగడి. డల్లాసు చుట్టుపట్ల వ్యాపించియున్న నల్లమైదానము ఒకనాడు ప్రత్తికి ప్రసిద్ధి. మట్టి శాస్త్రజ్ఞులు దానిని, మన గుంటూరు నల్లరేగడిని ఒకే తరగతిలో చేర్చి వెర్టిసోలులందురు. నీరు త్రాగి ఉబ్బుటయు, ఎండకు కుంచించి నెర్రెలు విచ్చుటయు రెండింటికిని జన్మలక్షణము. మన పల్లెలో వేసవి నెర్రెలలో దూడకాలు దిగబడును. అక్కడివారు వేసవియంతయు పునాదిచుట్టు చిల్లుల గొట్టము పరచి, మొక్కకు పోసినట్లు ఇంటికి నీరు పోయుదురు! మన రేగడికి విరుగుడుగా రూర్కీ భవన పరిశోధన సంస్థవారు అడుగున గంటవలె విచ్చుకొన్న పునాదిస్తంభములను రూపొందించిరి; డల్లాసువారు ఉక్కుతీగలను బిగలాగిన కాంక్రీటు పలకమీద ఇంటిని తెప్పవలె తేలనిచ్చిరి. తెప్ప కదలును. తెప్పమీది గుమ్మము కదలును.

అప్పుడు గాని ఆ పావు అంగుళపు సందునకు నా మనస్సు లొంగలేదు. మా ఊరి ఇంట ఏటేట వానకాలమున వెనుకగది తలుపు బిగిసికొనును. ఆచారిగారు వచ్చి రెక్క అంచును చిత్రికపట్టుదురు. వేసవి రాగానే అదే రెక్క వదులై గాలికి కొట్టుకొనును. అరువదేండ్లుగా చిత్రికపట్టగా పట్టగా ఆ రెక్క అంగుళమునకు మించి అరిగినది, గుమ్మము మాత్రము ఇటుకలలో బందీయై తన వంకరను తాను దిద్దుకొనలేక నిలిచియున్నది. కదలని బంధమును కదలెడి నేలమీద నిలిపి, ఆ రెంటి తగవును మనము తలుపుచేత తీర్పించుచున్నాము. టేకు గుమ్మమును అట్టతలుపుతో సరిపోల్చుట నాకు సమ్మతము కాదు. మా సింహద్వారము మా మనుమని మనుమనికిని నిలుచును, ఆ అట్టతలుపు మరియొక బంతికి నిలువదు. అయినను నేల మాట వినుటలో అట్టదే పైచేయి యని ఒప్పుకొనక తప్పదు.

హైదరాబాదులో నేడు లేచుచున్న బహుళాంతస్తుల భవనములలోను కర్మాగారమున తయారైన చట్రములు వచ్చుచున్నవి. కొయ్యపొడిని ప్లాస్టికును కలిపి పోసినవి, చెద పట్టనివి. కాంక్రీటు గోడ ముందు లేచును, అందులో విడిచిన కంతలో చట్రము వెనుక వచ్చి కూర్చుండును. ముహూర్తము మాత్రము పోలేదు. ముప్పదవ అంతస్తున, అప్పటికే గోడలు పూర్తియైన గదిలో, పురోహితులు ద్వారపూజ చేయించుచుండగా నేనే చూచితిని. ఆ కంతకును చట్రమునకును నడుమ సందులో అక్కడి పనివారు నురుగు చిమ్మి నింపుచుండిరి. నురుగు గట్టిపడకమునుపు తూకపుగుండు పట్టినవాడు మాత్రము కనబడలేదు.

చైత్రమాసమున నేను తిరిగి వచ్చితిని. శ్రావణము నడుమ ఒకనాటి ఉదయము అబ్బాయి ఫోను చేసెను. అక్కడ రాత్రి, నెలదినములుగా చినుకు లేదట.

"నాన్నా, మన తలుపు పై మూల రాసుకుంటోంది. గంటువైపు. పట్టీలన్నీ మళ్లీ ఊడదీయాలా?"

"ఏమీ ఊడదీయకు. పై బందులో పొడుగు మరమేకు ఉందా, దాన్ని అరచుట్టు బిగించు. చూస్తూ బిగించు."

ఫోను బల్లమీద పెట్టిన చప్పుడు, మరచుట్టు కిర్రుమన్న చప్పుడు, "ఆగు నాన్నా, ఇంక చాలు, లేచింది" అని మనుమని కేక. పిమ్మట నాలుక గంటులో పడినది. ఇక్కడ ముందురాత్రి కురిసిన వానకు మా వెనుకగది తలుపు బిగిసియున్నది. నేను దానిని భుజముతో త్రోసికొని చిత్రికకై లోపలికి పోయితిని.